వరండాను హాలులో కలపవద్దని ఎందుకంటున్నానంటే

"మాది 1970ల నాటి డాబా ఇల్లు. ముందు వరండాను హాలులో కలిపేసి, ఫాల్స్ సీలింగ్ వేయించి, ఎల్ ఆకారపు సోఫా వేద్దామనుకుంటున్నాము. నలుగురు వచ్చినప్పుడు సౌకర్యంగా ఉండాలంటే దేనికి ఎక్కువ ఖర్చు పెట్టాలి?" అని మీరు అడిగారు. సరిగ్గా ఈ పనులన్నీ మేము ఇదే వరుసలో చేయించాము కనుక చెబుతున్నాను. ముందు ఆ వరండా జోలికి వెళ్ళకండి. మిగిలిన ఖర్చుల సంగతి ఆ తరువాత చూసుకోవచ్చు.

మాది మా మామగారు 1968లో తెనాలిలో కట్టించిన ఇల్లు. పదిన్నర అడుగుల ఎత్తున శ్లాబు, ఎర్ర గచ్చు, తూర్పు వీధి వైపు ఆరడుగుల వెడల్పున వరండా, దానికి రెండు పక్కలా కడప బండ పరిచిన అరుగులు, హాలులో ఉయ్యాల బల్ల వేలాడదీయడానికి శ్లాబులోనే పోయించిన నాలుగు ఇనుప కొక్కేలు ఉండేవి. శుభకార్యానికి వచ్చినవారైనా, పరామర్శకు వచ్చినవారైనా ముందుగా కూర్చునేది ఆ అరుగుల మీదే. సాయంత్రం నాలుగు దాటితే మా అత్తగారు అక్కడే చేరి గోరుచిక్కుళ్ళు తుంచుతూ, వీధిన పోయేవారి మంచిచెడ్డలన్నీ కనుక్కునేవారు. మంచినీళ్ళు తాగి వెళ్ళేవారు కొందరు, గంటసేపు కూర్చునేవారు కొందరు. ఇంట్లోకి రమ్మని ఎవరినీ పిలవనక్కర లేదు, వెళ్ళిపొమ్మని ఎవరికీ చెప్పనక్కర లేదు.

2018లో మా అమ్మాయికి సంబంధాలు చూడడం మొదలుపెట్టినప్పుడు, హాలు ఇరుకుగా ఉందన్న బెంగతో ఒక ఇంటీరియర్ కాంట్రాక్టరును పిలిపించాము. ఆయన కంప్యూటరులో చూపించిన బొమ్మలు చూసి మనసు పారేసుకున్నాము. వరండాకూ హాలుకూ మధ్య ఉన్నది తొమ్మిది అంగుళాల ఇటుక గోడ. పిల్లర్లు లేని పాత ఇళ్ళలో శ్లాబు బరువు మోసేది ఆ గోడలే. అయినా ఆయన మరునాడే మనుషులను గునపాలతో పంపించారు. ఎదురింట్లో ఉండే సివిల్ ఇంజనీరు గారు పరుగున వచ్చి పని ఆపించి, శ్లాబు కింద జాకీలు పెట్టించి, ఇనుప గర్డరు ఎక్కించిన తరువాతనే గోడ పగలగొట్టనిచ్చారు. నా మాట కాదని మీరు ఆ గోడ తీయించదలచుకున్నా, ఇంజనీరు వచ్చి చూడకుండా ఒక్క ఇటుకైనా కదపనివ్వకండి. మొత్తం ఖర్చు 3,40,000 రూపాయలైంది. అరుగులు పోయాయి, వీధి వైపు తెరవడానికి వీలులేని అద్దాలు వచ్చాయి, ఎర్ర గచ్చు మీద మెరిసే విట్రిఫైడ్ టైల్స్ పడ్డాయి, ఉయ్యాల కొక్కేలు ఫాల్స్ సీలింగులో మునిగిపోయాయి.

ఆ హాలులో జరిగిన మొదటి వేడుక, 2019 ఏప్రిల్‌లో మా అమ్మాయి తాంబూలాలు. మగపెళ్ళివారి తరఫున ఇరవై నలుగురు వచ్చారు. సోఫాలో ఆరుగురు పట్టారు. మూలన కూర్చున్నవారికి లేవడానికి దారి లేదు, ఎదుటివారితో మాట్లాడాలంటే మెడ తిప్పాలి. మిగిలినవారి కోసం ప్లాస్టిక్ కుర్చీలు అడ్డదిడ్డంగా వేశాము. నున్నటి నేల, ఖాళీ గోడలు, అద్దాలు కలిసి ప్రతి మాటనూ తిప్పికొడుతుంటే, లగ్నపత్రిక చదువుతున్న పురోహితుల మాటలు రెండో వరుసలోనివారికే అందలేదు. అంతలో కరెంటు పోయింది. ఏసీ ఆగింది, తెరుద్దామంటే వీధి వైపు కిటికీ లేదు. మగవారంతా ఒక్కొక్కరుగా లేచి, ఆ ఎండలోనే గేటు దగ్గరకు వెళ్ళి నిలబడ్డారు.

పెళ్ళికొడుకు నాయనమ్మగారికి ఎనభై దాటాయి. గౌరవం కొద్దీ ఆవిడను సోఫా మధ్యలో కూర్చోబెట్టాము. తాంబూలాలు మార్చుకునే వేళ ఆవిడ లేవబోయారు. సోఫా ఎత్తు పద్నాలుగు అంగుళాలే. చెయ్యి ఊనితే మెత్తటి దిండు లోపలికి దిగిపోయింది. పాదం మోపితే టైలు మీద వేళ్ళు జారాయి. రెండోసారి ప్రయత్నించి, మోకాలు పట్టుకుని కళ్ళు మూసుకున్నారు. ఇద్దరం చెరో రెక్క పట్టుకుని లేపాము. ఊపిరి తీసుకున్నాక ఆవిడ నా చెయ్యి వదలకుండా, "అరుగు మీద కూర్చుంటానమ్మా, ఈ మెత్తటివి నాకు పడవు. మీ ఇంటికి అరుగు లేదా?" అని అడిగారు. కొన్ని నెలల క్రితం వరకు ఉండేదని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

ఆ ఏడాది వర్షాలు తగ్గాక 90,000 రూపాయలు పెట్టి వరండాను మళ్ళీ తెచ్చుకున్నాము. గర్డరు కింద మడత తలుపులు పెట్టించాము. మూస్తే హాలు, తీస్తే హాలూ వరండా ఒక్కటే. అరుగులను పద్దెనిమిది అంగుళాల ఎత్తున, ఇరవై అంగుళాల లోతున కట్టించి, పైన కడప బండ పరిపించి, తొడకు ఒరుసుకోకుండా అంచులు గుండ్రంగా తీయించాము. వేసవిలో సాయంత్రం పైరగాలి తిరిగాక, ఆ తలుపులు తీసి ఉంచితే రాత్రి భోజనాల వరకు ఏసీ అవసరమే రాదు.

ఫాల్స్ సీలింగు మాత్రం పూర్తిగా తీయించాము. నివసించే గదికి కనీసం 2.75 మీటర్ల ఎత్తు ఉండాలని జాతీయ భవన నిర్మాణ నియమావళి చెబుతోంది. అంటే సుమారు తొమ్మిది అడుగులు. మీ శ్లాబే పదడుగులుంటే, అందులో ఒక అడుగు జిప్సం పలకలకు ధారపోసి ఏం బావుకుంటారు? పాత ఇళ్ళలో ఎండాకాలం వేడి తలకు తగలకుండా కాపాడేది ఆ ఎత్తే. లైట్ల విషయంలోనూ ఒక మాట చెప్పాలి. కాంట్రాక్టరు పెట్టిన 6500 కెల్విన్ తెల్ల లైట్ల కింద చుట్టాల ముఖాలన్నీ జ్వరపడి లేచినట్లు కనిపించేవి. పసుపు ఛాయ ఉండే 3000 కెల్విన్ లైట్లు నాలుగు మూలలా పెట్టించాక మనుషులు మనుషుల్లా కనిపిస్తున్నారు.

సోఫాను అమ్మేసి, పద్దెనిమిది అంగుళాల ఎత్తున్న టేకు కుర్చీలు ఎనిమిది, గోడవార ఒక దివాన్ కొన్నాము. పిల్లల కోసం రెండు జంపఖానాలు చుట్టి పెట్టాము. కిటికీలకు మంగళగిరి నేత గుడ్డతో మందపాటి పరదాలు, నేల మీద ఒక ఏలూరు తివాచీ వేసేసరికి ఆ ప్రతిధ్వని పోయింది. టీవీని పడకగదికి మార్చాము. టీవీ హాలులో ఉన్నంతకాలం కుర్చీలన్నీ దానివైపే తిరిగి ఉంటాయి. ఇంటికి వచ్చిన మనిషికి ముఖం చూపించకుండా తెర చూపించడం మర్యాద ఎలా అవుతుందో నాకు ఎన్నటికీ అర్థం కాదు. ఉయ్యాల బల్ల తిరిగి వేలాడదీయడానికి ముందు కొక్కేలకు పట్టిన తుప్పు గీకించి, ఇసుక బస్తాలతో మూడు రోజులు బరువు పరీక్షించాము. ఇప్పుడు ఎవరు వచ్చినా ముందు దాని మీదికే చేరుతున్నారు.

ఇక మీ ప్రశ్నకు సూటిగా చెప్పాలంటే, డబ్బు గాలికీ, కుర్చీల ఎత్తుకూ, జారని నేలకూ పెట్టండి. టైల్స్ తప్పవనుకుంటే మెరుపు లేనివి తీసుకోండి, లేదా తాండూరు నాపరాళ్ళు పరిపించండి. కాంట్రాక్టరుకు అడ్వాన్సు ఇవ్వకముందే ఒక ఆదివారం సాయంత్రం పదిమంది చుట్టాలను పిలవండి. అందులో ఇద్దరు డెబ్బై దాటినవారు ఉండాలి. ఇల్లు ఇప్పుడున్నట్లే ఉంచి, ఎవరినీ ఎక్కడా కూర్చోమని చెప్పకుండా, టీ గ్లాసు చేతికి అందాక ఎవరెవరు ఏ చోటు చూసుకుంటున్నారో గమనించండి. వారిలో ఎందరు వరండాలో చేరారో లెక్కపెట్టుకున్నాకే ఆ గోడ సంగతి తేల్చుకోండి.