తల్లీ, షిఫ్టు మారే వేళ జాగ్రత్త

తల్లీ,

ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ బాధ్యత నీకు అప్పగిస్తున్నారని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. ఎంత గర్వపడ్డానో, అంత భయమూ వేసింది. అందుకే ఈ ఉత్తరం.

గ్రీజు అతిగా కుక్కితే బేరింగు వేడెక్కుతుంది. రెండు రకాల గ్రీజులు కలపనివ్వకు. స్పేర్లు ఉన్నాయని స్టోర్సు వాళ్లు చెబితే సరిపోదు, వెళ్లి కళ్లతో చూసుకో. ఇవన్నీ నీకు తెలిసినవే.

నా భయమంతా షిఫ్టు మారే ఆ కాసేపటి గురించే. 1988 జులై 6న ఉత్తర సముద్రంలో, పైపర్ ఆల్ఫా అనే చమురు ప్లాట్‌ఫాం మీద ఏం జరిగిందో చదివావా? పగటి షిఫ్టులో ఒక పంపు తాలూకు సేఫ్టీ వాల్వు విప్పారు. సాయంత్రానికి పని తెమల్లేదు. వాల్వు ఉండాల్సిన చోట బ్లైండ్ ఫ్లాంజ్, అంటే పైపు నోరు మూసే లోహపు బిళ్ల, పెట్టి వెళ్లిపోయారు. రాత్రి రెండో పంపు ఆగిపోయింది. డ్యూటీలో ఉన్నవాళ్లకు మొదటి పంపు ఓవర్‌హాల్ పర్మిట్, అంటే విప్పి బాగుచేయడానికి ఇచ్చిన అనుమతి కాగితం, దొరికింది, ఆ పని ఇంకా మొదలుకాలేదు. వాల్వు పర్మిట్ మాత్రం కంటపడలేదు. దాంతో మొదటి పంపే నడిపారు. ఫ్లాంజ్ దగ్గర లీకై పేలింది. 167 మంది పోయారమ్మా. పని రానివాళ్లు కాదు వాళ్లు. వాల్వు లేదన్న ఒక్క మాట రాత్రి షిఫ్టుకు అందలేదు, అంతే.

అందుకని సగంలో ఆగిన పనిని లాగ్‌బుక్‌లో రాసి వదిలేయనివ్వకు. మెషీన్ దగ్గరే నిలబడి, దిగేవాళ్లు ఎక్కేవాళ్లకు చూపించాలి. ఒక మెషీన్ పర్మిట్లన్నీ ఒక్కచోటే ఉండాలి. పని జరిగేటప్పుడు ఎవరూ మెషీన్ ఆన్ చేయకుండా స్విచ్‌కు వేసే తాళం ఉంది కదా, దిగేవాడు అది తీసేలోపే ఎక్కేవాడి తాళం పడాలి. తాళాలు పడ్డాక స్టార్ట్ బటన్ నొక్కి చూడాల్సిందే. కరెంటు ఆపినా, ప్రెషర్ నిలవుంచే అక్యుమ్యులేటర్లో ప్రెషర్ ఉంటుంది, ప్రెస్సులో పైకి లేచిన ర్యామ్, అంటే ఆ కదిలే దిమ్మ, తన బరువుకే కిందపడొచ్చు.

నేను చేరిన కొత్తలో ఓ పెద్దాయన ఉండేవాడు, ఫిట్టరు. తాళంచెవి తన జేబులో పడందే మెషీన్ గార్డు, అంటే రక్షణ తొడుగు, విప్పేవాడు కాదు. ప్రొడక్షన్ వాళ్లు ఎంత అరిచినా తలెత్తేవాడు కాదు. పదివేళ్లతో రిటైరయ్యాడు.

నీకేమో చిన్నప్పట్నుంచీ మొహమాటం! ఎవరైనా గట్టిగా అడిగితే సరే అనేస్తావు. అదిక కుదరదు. మేనేజరు పక్కనే నిలబడి ఇంకెంతసేపని అడిగినా, తాళం వేసినవాడే తీస్తాడని చెప్పు. నీ మాట నిలబడితేనే నీ ఫిట్టర్లకు ధైర్యం.

బ్రేక్‌డౌన్ పేరు చెప్పి తిండి మానేయకు. రాత్రి షిఫ్టు దిగాక ఒక్క ఫోన్ చెయ్యి, ఏ వేళప్పుడైనా సరే, ఎత్తుతాను.

మీ పెదనాన్న