‘నువ్వు మునుపటి మనిషివి కావు’ అంటున్నారు

ప్రశ్న: నా వయసు 49. ఖమ్మంలో ఉంటాం. పిల్లలిద్దరూ చదువు, ఉద్యోగాలంటూ దూరం వెళ్లిపోయారు. ఒకప్పుడు ఇంటినిండా మనుషులుంటేనే నాకు సంతోషం. బతుకమ్మకు మా వాడకట్టులో పాట ఎత్తుకునేది నేనే. ఏడాదిగా ఏ ఫంక్షన్‌కూ వెళ్లబుద్ధి కావడం లేదు. పొద్దున్నే లకారం ట్యాంక్‌బండ్ మీద ఒక్కదాన్నే నడవడం, చెట్లను చూస్తూ కూర్చోవడం బాగుంటోంది. మావారు బాధపడుతున్నారు. నెలసరి కూడా క్రమం తప్పింది. నేను మళ్లీ మామూలుగా అవుతానా?

జవాబు: అమ్మా, చెట్లను చూస్తూ కూర్చోవడం బాగుంటోందని రాశారు. ఏదీ బాగుండకపోవడం వేరు, బాగుండేది మారిపోవడం వేరు. మీది రెండోదని నాకనిపిస్తోంది.

మీరు నడిచే దారిలో రావో, వేపో, కానుగో ఉండే ఉంటుంది. ఈసారి మాఘం దాటాక దాన్ని గమనించండి. మన దగ్గర చాలా చెట్లు ఆకు రాల్చేది నేలలో తేమ తగ్గే రోజుల్లో, ఉన్న నీటిని కాపాడుకోవడానికి. రాల్చే ముందు ఆకులోని నత్రజని లాంటి పోషకాలను వీలైనంత వెనక్కి లాక్కుంటాయి. కొన్నాళ్లకే రావికి రాగిరంగు చిగురు వస్తుంది, వేళ్ల మధ్య పట్టుకుంటే నలిగిపోయేంత లేతగా. ఇన్నేళ్లూ పిల్లలు, చుట్టాలు, పండగలంటూ మీలో ఉన్న ఓపికంతా బయటికి పంచారు. ఇప్పుడు కొంత లోపలికి తీసుకుంటున్నారు. దీన్ని నేను జబ్బు అనను.

‘మళ్లీ మామూలుగా’ అన్నారే, ఆ మాటతోనే నాకు పేచీ. చిగురించేది కొత్త ఆకే. ముప్ఫై ఏళ్లప్పటి మీరు తిరిగి రావాలని ఎదురుచూస్తూ కూర్చుంటే ఇప్పుడున్న మనిషికి అన్యాయం చేసినట్టే.

అలాగని రోజూ మిమ్మల్ని మీరు కొలుచుకుంటూ టెన్షన్ పడొద్దు. మన రైతులు ఏడాదిని 27 కార్తెలుగా చూస్తారు. ఒక్కోటి 13, 14 రోజులు. రోహిణిలో రోళ్లు పగిలే ఎండ మృగశిరకు తగ్గుముఖం పట్టిందంటే, మార్పు తెలియడానికి ఆ మాత్రం వ్యవధి కావాలి. క్యాలెండర్‌లో కార్తె మారిన రోజున నోట్‌బుక్‌లో నాలుగు ముక్కలు రాయండి. చెట్టు ఎలా ఉంది, నిద్ర ఎలా పడుతోంది, ఆకలి ఎలా ఉంది, ఎవరితో మాట్లాడాలనిపించింది. అంతే చాలు.

డాక్టర్లు డిప్రెషన్‌ను గుర్తించడానికి చూసే వ్యవధి కూడా రెండు వారాలే. ఆ రెండు వారాల్లో దాదాపు రోజూ దిగులుగా ఉండి, ఆ నడక మీద కూడా మనసు పోక, నిద్ర, ఆకలి చెడితే సైకియాట్రిస్టును కలవండి. బతకడం ఎందుకన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా సరే, రెండు వారాలు చూడొద్దు. ఇంట్లోవాళ్లకు వెంటనే చెప్పండి. మానసిక సమస్యల కోసం ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ ‘టెలి మానస్’ 14416కు ఏ వేళలోనైనా ఫోన్ చేయవచ్చు, ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.

ఇక నెలసరి. వరసగా 12 నెలలు రాకపోతే మెనోపాజ్ అంటారు. అంతకుముందు కొన్నేళ్లు నిద్రలేమి, చిరాకు, ఒంట్లోంచి ఉన్నట్టుండి ఆవిర్లు మామూలే. మనసులోని మార్పులో దీని పాలు కూడా ఉండొచ్చు. గైనకాలజిస్టుకు చూపించుకుని థైరాయిడ్, హిమోగ్లోబిన్ పరీక్షలు చేయించుకోండి.

మీవారి బాధను తేలిగ్గా తీసుకోకండి. పిల్లలు ఆయనకూ దూరమయ్యారు. ఇల్లు ఆయనకూ బోసిపోయింది. మీ మౌనాన్ని ఆయన తన మీద అలక అనుకుంటూ ఉండొచ్చు. ‘మీ మీద ఇష్టం తగ్గలేదు, నాకు కాస్త నిశ్శబ్దం కావాలనిపిస్తోంది’ అని నోరు తెరిచి చెప్పండి. వారానికి రెండు రోజులు ఆయన్నీ నడకకు తీసుకెళ్లండి. మిగతా రోజులు మీవే.

బతుకమ్మకు తొమ్మిది రోజులూ వెళ్లక్కర్లేదు. సద్దుల నాడు గునుగు, తంగేడుతో చిన్న బతుకమ్మ పేర్చుకుని వెళ్లండి. పాట మీరే ఎత్తుకోవాలని లేదు. వాడకట్టులో గొంతున్న పిల్ల ఎవరైనా ఉంటే నేర్పండి, తను ఎత్తుకుంటే మీరు వంత పాడండి. డాక్టర్ దగ్గరికి మాత్రం పండగ దాకా ఆగొద్దు, ఈ వారమే వెళ్లండి.