పబ్బులో ఆర్డర్ తీసుకోవడానికి ఎవరూ రాలేదా?

ఇంగ్లండ్‌లోని యార్క్ నగరంలో ఒక పబ్బులో అరగంట కూర్చున్నా ఎవరూ పలకరించలేదని, కావాలనే పట్టించుకోలేదేమోనని మీ అనుమానం. కాదండీ. ఇంగ్లండ్‌లోని పాతకాలపు పబ్బుల్లో చాలావాటిలో ఆర్డర్ కోసం బల్ల దగ్గరికి ఎవరూ రారు. ముందు ఖాళీ బల్ల చూసుకుని, దాని నంబరు గుర్తుపెట్టుకుని, బార్ దగ్గర మీరే చెప్పి అక్కడే డబ్బు కట్టాలి. భోజనం మాత్రం తెచ్చి ఇస్తారు. బార్ దగ్గర వరుస కనబడకపోయినా ఎవరి తర్వాత ఎవరో అందరూ గమనిస్తూనే ఉంటారు. చెయ్యి ఊపి పిలవకండి, చిరాకు పడతారు. టిప్పు తప్పనిసరి కాదు.

మీరు శాకాహారులు కాబట్టి అసలు జాగ్రత్త తిండి దగ్గరే. యార్క్ ఉన్న యార్క్‌షైర్ ప్రాంతంలో చిప్స్‌ను (బంగాళాదుంప వేపుడు ముక్కలు) గొడ్డుకొవ్వులో వేయించే అలవాటు ఇంకా ఉంది. ఆదివారం రోస్ట్‌తో (కాల్చిన మాంసం భోజనం) వచ్చే బంగాళాదుంపలనూ ఒక్కోచోట అలాగే వండుతారు. రోస్ట్‌తో పెట్టే యార్క్‌షైర్ పుడ్డింగ్ తీపి వంటకం కాదు, పిండి జారుతో కాల్చేది; అందులో గుడ్డు ఉంటుంది. దేనిలో వేయించారని నేరుగా అడగండి, మొహమాటం అక్కర్లేదు. ప్లౌమన్స్ లంచ్ అయితే రొట్టె, చీజ్, ఊరగాయ; హామ్ (పంది మాంసం) వద్దని ముందే చెప్పాలి. మధ్యాహ్నానికీ రాత్రికీ నడుమ కొన్నిచోట్ల వంటగది మూసేస్తారు, వేళలు చూసుకుని వెళ్లండి.

మీ తమ్ముడికి ఇచ్చిన ఏల్ (ఒక రకం బీరు) చల్లగా లేదన్నారు. పీపాలోంచి పంపుతో తోడే ఏల్‌ను 11–13 డిగ్రీల దగ్గరే ఇస్తారు, అది లోపం కాదు. పైంట్ అంటే 568 మిల్లీలీటర్లు. ఈసారి సగం పైంట్ అడగమనండి.