9 రోజులకే మళ్లీ ఎదకు వస్తున్న ఆడగుర్రం: చూలు ఎందుకు నిలవడం లేదు?

ప్రశ్న: మాది నాందేడ్ జిల్లాలో ధర్మాబాద్ దగ్గరి పల్లె. మాళెగావ్ ఖండోబా జాతరలో కొన్న 11 ఏళ్ల మార్వాడీ ఆడగుర్రం మా దగ్గర ఉంది. పాత యజమాని దగ్గర రెండుసార్లు ఈనింది. మేము దానిని పెళ్లిళ్ల బరాత్‌లకు తిప్పుతున్నాం. గత వేసవిలో మూడు ఎదల్లో దాటించినా చూలు నిలవలేదు. దాటించిన 9, 10 రోజులకే మళ్లీ ఎదకు వస్తోంది. దాటించాక కొన్ని రోజులపాటు తోకకు తెల్లటి జిగట అంటుకుంటోంది. పరుగెత్తేటప్పుడు వెనుక నుంచి గాలి చప్పుడు వస్తోంది. పెళ్లిళ్ల సీజన్ తరువాత బాగా చిక్కిపోయింది. ఎద బాగానే వస్తోంది కాబట్టి గేదెలకు వేసే హార్మోన్ ఇంజెక్షన్ వేయిస్తే చాలని ఒకరు చెప్పారు. వేయించవచ్చా?

జవాబు: వేయించవద్దు. త్వరగా ఎదకు రావడాన్ని మీరు మంచి లక్షణంగా తీసుకున్నారు గాని, మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే ముందు అనుమానం కలిగించినది అదే.

ఆరోగ్యంగా ఉన్న ఆడగుర్రానికి రెండు ఎదల మధ్య దాదాపు 21, 22 రోజుల వ్యవధి ఉంటుంది. అందులో 5 నుంచి 7 రోజులు ఎద సాగుతుంది, ఆ ఎద ముగియడానికి 24 నుంచి 48 గంటల ముందు అండం విడుదలవుతుంది. ఆ తరువాత రెండు వారాలకు పైగా గుర్రం మగగుర్రాన్ని దగ్గరికి రానివ్వకూడదు. అండం విడుదలైన చోట ఏర్పడే పసుపుపచ్చని కణజాలం, చూలు నిలబడటానికి అవసరమైన ప్రొజెస్టిరాన్ అనే హార్మోన్‌ను అన్ని రోజులూ తయారుచేస్తూ ఉంటుంది. గర్భాశయం లోపలి పొరలో చీము చేరి వాపు ఉన్నప్పుడు మాత్రం, ఆ పొర నుంచి ప్రోస్టాగ్లాండిన్ అనే పదార్థం గడువుకు ముందే విడుదలై ఆ కణజాలాన్ని కరిగించివేస్తుంది, దానితో గుర్రం వారం పది రోజులకే మళ్లీ ఎదకు వస్తుంది. గేదెలను ఎదకు తెప్పించడానికి సాధారణంగా వేసే ఇంజెక్షన్‌లో ఉండేది కూడా ప్రోస్టాగ్లాండినే. జబ్బుపడిన గర్భాశయం ఇప్పటికే చేస్తున్న పనిని ఇంజెక్షన్‌తో మరోసారి చేయించినందువల్ల మీకు ఒరిగేది లేదు. పొరపాటున గుర్రం చూలుతో ఉంటే ఆ చూలు కూడా పోతుంది. గుర్రాలకు ఈ మందు వేసిన కాసేపటికి చెమటలు పట్టి కడుపునొప్పి రావడం మామూలే. గర్భిణులు, ఉబ్బసం ఉన్నవారు ఆ సీసాను చేత్తో కూడా తాకకూడదు.

తోకకు అంటుకునే తెల్లటి జిగట, గాలి చప్పుడు, చిక్కిపోవడం అనే మూడింటినీ మీరు వేరువేరుగా రాశారు. నా అంచనాలో అవి ఒకే సమస్యకు గుర్తులు. గుర్రం ప్రశాంతంగా నిలబడి ఉన్నప్పుడు వెనుక నుంచి చూడండి. మానం (యోని ద్వారం) పెదవులు నిట్టనిలువుగా ఉండి, ఒకదానికొకటి గట్టిగా అతుక్కుని ఉండాలి. రెండు మూడు ఈతలు ఈని, ఒంటి కొవ్వు కరిగిపోయిన గుర్రాలలో ఆసనం లోపలికి కుంగి, మానం పైభాగాన్ని తనతోపాటు ముందుకు లాగుతుంది. అప్పుడు వేసిన లద్ది నేలమీద పడకుండా మానం మీద పడుతుంది, పరుగెత్తిన ప్రతిసారీ గాలి, దానితోపాటు లద్దిలోని సూక్ష్మక్రిములు లోపలికి పోతాయి. పెదవులను మెల్లగా విడదీసినప్పుడు గాలి లోపలికి పీల్చిన చప్పుడు వినిపిస్తే సందేహించనవసరం లేదు. దీనికి కాస్లిక్ అనే చిన్న శస్త్రచికిత్స ఉంది. తిమ్మిరి మందు ఇచ్చి, మానం పై భాగంలోని అంచులను పలుచగా కత్తిరించి, కింద మూత్రానికి దారి వదిలి కుట్టివేస్తారు. లోపలి జబ్బు నయమయ్యాకే ఈ కుట్లు వేయించాలి, ముందే వేయిస్తే చీమును లోపల పెట్టి మూసినట్లవుతుంది.

కాబట్టి వచ్చే ఎదలో గుర్రాన్ని దాటించవద్దు. ఒక ఎద పోయిందని బాధపడే యజమానులను నేను చాలామందిని చూశాను గాని, మురికిగా ఉన్న గర్భాశయంలోకి మళ్లీ వీర్యం పంపడం కంటే ఒక సీజన్ మొత్తం వదులుకోవడమే నయమని నా అభిప్రాయం. ఎద మొదలైన ఒకటి రెండు రోజుల్లోనే పశువైద్యుని చేత గర్భాశయం నుంచి స్వాబ్ (దూదిపుల్లతో తీసే నమూనా) తీయించి, ఏ క్రిమి పెరుగుతోందో, ఏ మందుకు లొంగుతుందో తెలిపే కల్చర్ పరీక్షతోపాటు, చీము కణాలు ఉన్నాయో లేవో చూసే పరీక్షనూ చేయించండి. ధర్మాబాద్ నుంచి పర్భణీ, ఉద్‌గీర్ పశువైద్య కళాశాలలు మీకు అందుబాటులోనే ఉన్నాయి. తెలంగాణ వైపు రావడం సులువైతే కోరుట్లలోనూ పశువైద్య కళాశాల ఉంది. ఫలితం వచ్చాక, గోరువెచ్చని సెలైన్‌ను లీటర్ల కొద్దీ పంపి, తిరిగి వచ్చే నీరు తేటగా మారేవరకు గర్భాశయాన్ని కడిగి, పరీక్షలో తేలిన యాంటీబయాటిక్‌ను వరుసగా కొన్ని రోజులు లోపలికే ఇస్తారు. పరీక్ష లేకుండా ఊహతో యాంటీబయాటిక్‌లు మార్చి మార్చి పెట్టించిన గుర్రాలలో చివరికి బూజు జబ్బు మొదలవుతుంది, అది మొదటి జబ్బు కంటే మొండిది. పసరు మందులు, పొటాషియం పర్మాంగనేట్ నీళ్లు, చిక్కటి అయోడిన్ వంటివి ఎవరు చెప్పినా లోపలికి ఎక్కించనివ్వవద్దు. గుర్రం గర్భాశయం పొర చాలా సున్నితమైనది, ఒకసారి కాలి మచ్చకట్టిందంటే మళ్లీ మామూలు స్థితికి రాదు.

పరీక్ష శుభ్రంగా వచ్చిన తరువాత దాటించే పద్ధతి కూడా మారాలి. ఎద కనిపించిన దగ్గరినుంచి రోజూ దాటించడం మన ప్రాంతంలో అలవాటు. మీ గుర్రానికి అది పనికిరాదు, ఎందుకంటే వీర్యం పడిన ప్రతిసారీ గర్భాశయంలో కొంత వాపు రావడం సహజమే. ఆరోగ్యవంతమైన గుర్రం ఆ ద్రవాన్ని ఒకటి రెండు రోజుల్లో బయటికి నెట్టివేస్తుంది, వయసు మళ్లుతున్న గుర్రం నెట్టలేదు. వీర్యకణాలు లోపల కనీసం రెండు రోజులు బతుకుతాయి గాని, విడుదలైన అండం కొన్ని గంటలే పనికివస్తుంది. అందుచేత స్కానింగ్‌లో అండపు తిత్తి 35 మిల్లీమీటర్లు దాటినప్పుడు, వైద్యుడు అవసరమనుకుంటే అండం విడుదలకు హెచ్‌సీజీ ఇంజెక్షన్ ఇచ్చి, ఆ ఎద మొత్తానికి ఒక్కసారే దాటించడం మంచిది. ఆ తరువాత 4 నుంచి 8 గంటల్లో గర్భాశయాన్ని మళ్లీ కడిగి, గర్భాశయం ముడుచుకుని ద్రవాన్ని బయటికి నెట్టేలా చేసే ఆక్సిటోసిన్ ఇంజెక్షన్ 10 నుంచి 20 యూనిట్లు ఇస్తారు. పాలు పిండే చోట దొరికే ఆక్సిటోసిన్ సీసాతో ఈ పని మీరే చేయాలని చూడకండి.

చూలు నిలిచిందో లేదో పొట్ట చూసి చెప్పడానికి లేదు. అండం విడుదలైన 14 నుంచి 16 రోజుల మధ్య స్కానింగ్ తప్పనిసరి, అందుకు ముఖ్య కారణం కవలలు. కవలల చూలు చాలావరకు మధ్యలోనే పడిపోతుంది. 16వ రోజుకు ముందైతే వైద్యుడు రెండింటిలో ఒకదానిని నలిపివేసి మరొకదానిని కాపాడగలడు. 35 రోజుల తరువాత గర్భాశయం గోడలో ఏర్పడే ప్రత్యేక కణాలు, చూలు పోయినా గుర్రాన్ని రెండు మూడు నెలలదాకా సరిగా ఎదకు రానివ్వవు, అందువల్ల ఎద లేదు కనుక చూలు ఉన్నట్లే అనుకుని ఏడాది పోగొట్టుకునేవారు ఉన్నారు. 28వ రోజున, 45వ రోజున మళ్లీ చూపించండి.

మేత విషయానికి వస్తే, మన దగ్గర గుర్రానికి బాగా ఎద వచ్చే కాలమూ పెళ్లిళ్ల కాలమూ ఒకటే కావడం మీకు పెద్ద ఇబ్బంది. డీజే మోతల మధ్య అర్ధరాత్రి దాకా నిలబడి, వేళకు మేత నీళ్లు లేక చిక్కిన గుర్రం చూలు నిలుపుకోవడం కష్టం. దాటించడానికి ముందు రెండు నెలలు, ఆ తరువాత రెండు నెలలు బరాత్‌లు మానిపించగలిగితే మానిపించండి. పక్కటెముకలు కంటికి కనిపించకుండా, చేత్తో తడిమితే తగిలేంత ఒళ్లు ఉండాలి. ఆ ఒళ్లు వస్తే మానం ఆకారం కూడా కొంత సర్దుకుంటుంది. నానబెట్టిన ఉలవలు, శనగలు కొద్దికొద్దిగా పెంచుతూ ఇవ్వండి. పచ్చి జొన్న పైరులో, కోత తరువాత మోడు నుంచి వచ్చే పిలకలలో మాత్రం మేపవద్దు. వాటిని అదేపనిగా మేసిన గుర్రాలకు మూత్రం చుక్కలుగా కారుతూ వెనుక కాళ్లు తూలే జబ్బు వస్తుంది, చూలుతో ఉన్నవి ఈసుకుపోతాయి. బాగా ఎండిన జొన్న చొప్పతో అంత భయం లేదు. కోళ్ల దాణా ఎప్పుడూ పెట్టకండి, అందులో కలిపే మోనెన్సిన్ అనే మందు గుర్రాన్ని చంపుతుంది.

దాటించబోయే మగగుర్రానికి గ్లాండర్స్ అనే అంటుజబ్బు పరీక్ష జరిగిందో లేదో అడగండి. 2006లో మహారాష్ట్రలోనే ఈ జబ్బు బయటపడింది, ఇది మనుషులకూ సోకి ప్రాణం తీస్తుంది. స్థానిక పశువైద్యుడు రక్తం తీసి పంపితే హిసార్‌లోని జాతీయ అశ్వ పరిశోధన కేంద్రంలో పరీక్షిస్తారు.

చూలు నిలిస్తే ఈత దాదాపు 11 నెలలకు వస్తుంది. 5, 7, 9 నెలల్లో గుర్రపు హెర్పిస్ టీకా, ఈతకు 4 నుంచి 6 వారాల ముందు ధనుర్వాతం టీకా వేయించండి. కాస్లిక్ కుట్లు వేయించి ఉంటే ఈతకు రెండు వారాల ముందే వాటిని విప్పించాలి, లేకపోతే పిల్ల బయటికి వచ్చేటప్పుడు మానం చిరిగిపోతుంది. ఈనిన మూడు గంటల్లో మాయ పడకపోతే గేదెకు లాగా మరుసటి రోజుదాకా ఆగకుండా, చేత్తో లాగకుండా, ఆ రాత్రే వైద్యుని పిలిపించండి.