అదనపు గది లెక్క: బ్రిటన్‌లో అద్దె సాయం కోతపై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: అయ్యా, మా పెద్దమ్మాయి ఇరవై ఏళ్లుగా ఇంగ్లండులోని లెస్టర్‌లో ఉంటోంది. అక్కడి పౌరసత్వం కూడా తీసుకుంది. అల్లుడు కాలం చేసి ఐదేళ్లయింది. తను ఒక బడి వంటశాలలో పనిచేస్తూ, కౌన్సిల్ (అక్కడి స్థానిక ప్రభుత్వం) వారి మూడు పడక గదుల ఇంట్లో ఇద్దరు పిల్లలతో ఉండేది. ఇరవై రెండేళ్ల మనవడు ఉద్యోగం వచ్చి మాంచెస్టర్‌లో గది తీసుకుని వెళ్లిపోయాడు. ఇప్పుడు ఇంట్లో అమ్మాయి, పదమూడేళ్ల మనవరాలు మాత్రమే ఉన్నారు. ఒక గది ఎక్కువగా ఉందంటూ అమ్మాయికి వచ్చే అద్దె సాయంలో కోత పెట్టారు. ఆ గదిలో నేను ఆరు నెలలు పడుకున్నాను. కింది మెట్ల కప్పు పెద్ద పెట్టెలా గదిలోకి పొడుచుకు వచ్చి ఉంటుంది, మంచం వేస్తే తలుపు సగమే తెరుచుకుంటుంది. మేము వచ్చినప్పుడు ఉండే గది అదనపు గది ఎలా అవుతుంది? మేమిద్దరం వెళ్లి అక్కడే ఉంటే కోత తీసేస్తారా? పొలం కొంత అమ్మి డబ్బు పంపమంటారా? లేక అమ్మాయిని ఆ ఇల్లు వదిలేయమని చెప్పమంటారా? – ఒక తల్లి, కావలి

జవాబు: అమ్మా, మీ చివరి ప్రశ్నకు ముందుగా జవాబు చెబుతాను, ఎందుకంటే తొందరపడితే మళ్లీ సరిదిద్దుకోలేని నష్టం అక్కడే ఉంది. మీ అమ్మాయిని ఇంటి తాళాలు అప్పగించవద్దని ఈ రోజే ఫోన్ చేసి చెప్పండి. కౌన్సిల్ ఇంటి అద్దె బయటి అద్దెల కన్నా చాలా తక్కువగా ఉంటుంది, అద్దెదారుకు అక్కడ ఉండే హక్కూ గట్టిది. కోతకు భయపడి ప్రైవేటు ఇంటికి మారితే అక్కడ సాయానికి ప్రాంతాన్ని బట్టి వేరే పరిమితి ఉంటుంది, ఆ పైన అద్దె అంతా ఆమే కట్టుకోవాలి. ఒకసారి వదులుకున్న కౌన్సిల్ ఇల్లు మళ్లీ దొరకాలంటే ఏళ్ల తరబడి వరుసలో నిలబడాలి.

ఇక కోత సంగతి. బ్రిటన్ పార్లమెంటు 2012లో చేసిన సంక్షేమ సంస్కరణల చట్టం కింద ఈ నిబంధన 2013 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. కౌన్సిల్ ఇళ్లలోను, లాభాపేక్ష లేకుండా తక్కువ అద్దెకు ఇళ్లిచ్చే హౌసింగ్ అసోసియేషన్ల ఇళ్లలోను ఉంటూ అద్దె సాయం పొందేవారిలో పింఛను వయసు రానివారికి ఇది వర్తిస్తుంది. ఒక పడక గది ఎక్కువగా ఉంటే సాయానికి లెక్కించే అద్దెలో 14 శాతం, రెండు గాని అంతకు మించి గాని ఉంటే 25 శాతం తగ్గిస్తారు. నెలకు 520 పౌండ్ల అద్దె అనుకుంటే ఒక గదికి 72 పౌండ్ల 80 పెన్నీలు, రెండు గదులకు 130 పౌండ్లు తెగుతాయి. మొదట హౌసింగ్ బెనిఫిట్ అనే పాత అద్దె సాయంలో వచ్చిన ఈ కోత, ఇప్పుడు తక్కువ ఆదాయం ఉన్నవారికి నెలనెలా ఇచ్చే యూనివర్సల్ క్రెడిట్ అనే సాయంలోని అద్దె భాగానికీ అదే శాతాలతో వర్తిస్తోంది. జనం దీన్ని బెడ్‌రూమ్ టాక్స్ అంటారు. నిజానికి ఇది పన్ను కాదు, ఇచ్చే సాయంలో కోత. కానీ నెలాఖరుకు ఆ డబ్బు చేతి నుంచి కట్టుకోవలసిన మనిషికి ఆ తేడా ఏమీ తెలియదు.

ఖర్చు తగ్గించడానికి, పెద్ద ఇళ్లు ఖాళీ చేయించి ఇరుకున పడిన కుటుంబాలకు ఇవ్వడానికి అని ప్రభుత్వం అప్పట్లో కారణం చెప్పింది. 6,60,000 మందికి వారానికి సగటున 14 పౌండ్లు తగ్గుతాయని ప్రభుత్వమే ముందుగా అంచనా వేసింది. అయితే చిన్న ఇంటికి మారమంటే మారడానికి చిన్న ఇళ్లు ఉండాలి కదా. అవి చాలినన్ని లేనిచోట ఈ నిబంధన ఇల్లు మార్పించదు, పేదవారి చేతిలోని డబ్బు మాత్రం తీసుకుంటుంది. నాకు దీనిపై ఉన్న ప్రధానమైన అభ్యంతరం అదే.

గదుల లెక్క ఇలా ఉంటుంది. దంపతులకు ఒక గది, పదహారేళ్లు నిండిన ప్రతి ఒక్కరికీ ఒక గది. పదహారేళ్లలోపు పిల్లలు ఇద్దరూ ఆడపిల్లలైనా, ఇద్దరూ మగపిల్లలైనా ఒకే గది. పదేళ్లలోపువారైతే ఆడ, మగ తేడా లేకుండా ఇద్దరికీ కలిపి ఒకటే. ఈ లెక్కన మీ అమ్మాయికి ఒకటి, మనవరాలికి ఒకటి, మొత్తం రెండు. మనవడు ఉద్యోగంపై వేరే ఊళ్లో స్థిరపడ్డాడు గనుక అతని గది లెక్కలోకి రాదు. చుట్టపుచూపుగా వచ్చే మీరు కూడా రారు. మన వైపు మిద్దె ఇంట్లో ఎవరు వచ్చినా వరండాలో ఒక నవారు మంచం వాల్చి చోటు చేస్తాం, ఏ గది ఎవరిదని ఎవరూ అడగరు. ఆ నిబంధన మాత్రం ఎప్పుడూ ఆ ఇంట్లోనే ఉండేవారిని లెక్కించి మిగిలినదాన్ని అదనం అంటుంది. సందర్శకుల వీసాపై మామూలుగా ఆరు నెలలకు మించి ఉండనివ్వరు, ఆ వీసాపై వెళ్లినవారు అక్కడి ఇంటి సభ్యులుగా లెక్కకు రారు. కోత తప్పించడానికని మీరు వెళ్లి ఉండటం వల్ల ప్రయోజనం లేదు.

అయితే మీ ఉత్తరంలో మీరే ఒక విలువైన మాట రాశారు. మంచం వేస్తే తలుపు సగమే తెరుచుకుంటుందన్నారు. ఇంటి యజమాని కాగితాల్లో మూడు పడక గదులు అని రాసుకున్నంత మాత్రాన అదే తుది మాట కాదని, గది కొలత, వెలుతురు, గాలి, లోపలికి వెళ్లే వీలు, అందులో ఒక మనిషి నిజంగా పడుకోగలరా అన్నవి చూడాలని ఇలాంటి సాయాలపై అప్పీళ్లు వినే అక్కడి ఎగువ ట్రైబ్యునల్ 2014లోనే చెప్పింది. అమ్మాయి టేపుతో ఆ గది పొడవు, వెడల్పు కొలవాలి. మెట్ల కప్పు ఎంత ఎత్తున, ఎంత మేర లోపలికి వచ్చిందో విడిగా రాయాలి. మంచం వేసి, తలుపు ఎంతవరకు తెరుచుకుంటుందో కనబడేలా ఫొటోలు తీయాలి. గది చిన్నదన్న ఒక్క కారణంతో కచ్చితంగా గెలుస్తారని నేను అనలేను. కానీ కోతను మళ్లీ పరిశీలించమంటూ కొలతలు, ఫొటోలు జతచేసి పెట్టిన అర్జీని పక్కన పడేయడం అంత సులువు కాదు.

డబ్బు పంపడానికి అభ్యంతరం లేదు. కన్నవారు పంపే సాయాన్ని యూనివర్సల్ క్రెడిట్‌లో జీతంలా ఆదాయం కింద లెక్కించరు. అది ఖాతాలో పోగుపడితే మాత్రం పొదుపు అవుతుంది. పొదుపు 6,000 పౌండ్లు దాటితే ఆపైన ప్రతి 250 పౌండ్లకు నెలకు 4 పౌండ్ల 35 పెన్నీల ఆదాయం ఉన్నట్టు లెక్కకట్టి తగ్గిస్తారు. 16,000 దాటితే యూనివర్సల్ క్రెడిట్ మొత్తం ఆగిపోతుంది. ఇక్కడ ఇంకో జాగ్రత్త అవసరం. మన వైపు ఆడపిల్లకు పసుపు కుంకుమల కింద సెంట్లో, ఎకరమో రాసిస్తాం. కావలిలో మీ అమ్మాయి పేరున స్థలం గాని, పొలం గాని ఉంటే దాని విలువ కూడా ఆ లెక్కలోకి రావచ్చు, ఆ సంగతి అక్కడ తప్పక తెలియజేయాలి. దాచి తర్వాత బయటపడితే ఇచ్చిన సొమ్ము వెనక్కు కట్టమంటారు. కాబట్టి పొలం అమ్మి పెద్ద మొత్తం ఒకేసారి పంపవద్దు. నెలనెలా కోత పడిన మేరకు పంపితే చాలు.

కౌన్సిల్ విచక్షణతో ఇచ్చే అద్దె సాయానికి కూడా ఆమె అర్జీ పెట్టుకోవాలి. నిజంగా చిన్న ఇల్లు కావాలనుకుంటే, ఇరుకింట్లో ఉన్న మరో కౌన్సిల్ అద్దెదారుతో, యజమాని అనుమతితో, ఇల్లు మార్చుకునే పద్ధతి ఉంది. అలా చేస్తే హక్కు పోదు. మనవరాలి బడి దూరమవుతుందా అన్నది చూసుకుని నిర్ణయించుకోవాలి.

ప్రశ్న: మా తమ్ముడు గ్లాస్గోలో, మా పినతండ్రి కొడుకు బర్మింగ్‌హామ్‌లో ఇలాంటి ఇళ్లలోనే ఉంటున్నారు. ఇద్దరికీ ఒక్కో గది ఎక్కువే. ఒకరు కోత కట్టుకుంటున్నారు, మరొకరికి ఏమీ తగ్గలేదట. ఎందుకు? – ఒక పాఠకుడు, బుచ్చిరెడ్డిపాళెం

జవాబు: నిబంధన ఇద్దరికీ ఒకటే. అయితే కోత పడిన మేరకు పూడ్చేందుకు స్కాట్లండ్ ప్రభుత్వం అక్కడి కౌన్సిళ్లకు డబ్బు ఇస్తోంది. ఇంగ్లండులో ఆ ఏర్పాటు లేదు. గ్లాస్గోలోని మీ తమ్ముడు ఆ సాయానికి అర్జీ పెట్టుకునే ఉంటాడు. ఇల్లు మారినా, ఇంట్లో మనుషుల సంఖ్య మారినా ఆ సంగతి కౌన్సిల్‌కు తెలియజేయమని చెప్పండి.

ప్రశ్న: మా బావకు పక్షవాతం వచ్చింది. కొవెంట్రీలోని రెండు పడక గదుల హౌసింగ్ అసోసియేషన్ ఇంట్లో ఒక గది నిండా ఆస్పత్రి మంచం, ఆయనను పైకెత్తే యంత్రం ఉన్నాయి. అక్క పక్క గదిలో పడుకుని రాత్రి మూడుసార్లు లేచి ఆయనను పక్కకు తిప్పుతుంది. ఇద్దరికీ యాభై ఐదు దాటలేదు. దంపతులకు ఒక గది చాలని చెప్పి 14 శాతం కోశారు. ఇది న్యాయమేనా? – ఒక తమ్ముడు, ఒంగోలు

జవాబు: న్యాయం కాదు, ఇప్పుడున్న చట్టం ప్రకారం సరైనదీ కాదు. వైకల్యం వల్ల ఒకే గదిలో పడుకోలేని దంపతులకు రెండో గది ఇవ్వకపోవడం వివక్ష అని బ్రిటన్ సుప్రీం కోర్టు 2016 నవంబరులో తీర్పు చెప్పింది. ఆ తీర్పు ప్రకారం 2017 ఏప్రిల్ 1 నుంచి నిబంధనలను మార్చారు. మీ బావకు రోజువారీ జీవనావసరాల కోసం ఇచ్చే వైకల్య భత్యం వస్తుండాలి, వైకల్యం వల్లనే ఇద్దరూ ఒక గదిలో పడుకోలేకపోతున్నారని చూపాలి. భత్యానికి ఇంకా అర్జీ పెట్టకపోతే ముందు ఆ పని చేయాలి, ఈ మినహాయింపు చాలావరకు దాని మీదే నిలుస్తుంది.

డాక్టరు ఇచ్చే ఉత్తరంలో జబ్బు పేరు ఒక్కటే ఉంటే చాలదు. మంచం, యంత్రం ఎంత చోటు ఆక్రమించాయో, రాత్రిపూట ఏమి జరుగుతుందో, మీ అక్క అక్కడే పడుకుంటే ఆమెకు నిద్ర ఎందుకు పట్టదో అందులో ఉండాలి. మీరు నాకు రాసిన ఆ మూడుసార్లు లేవడం అన్న మాటను ఆమె తన అర్జీలో తన మాటల్లోనే రాయాలి. యూనివర్సల్ క్రెడిట్ అయితే నిర్ణయాన్ని మళ్లీ పరిశీలించమని ముందుగా ఆ కార్యాలయాన్నే అడగాలి, వారు కాదంటే ట్రైబ్యునల్‌కు వెళ్లవచ్చు. అడగడానికి గడువు నిర్ణయం ఇచ్చిన తేదీ నుంచి ఒక నెల. తగిన కారణం చూపితే ఆలస్యమైనా తీసుకునే వీలుంది గాని, దాని మీద ఆధారపడవద్దు. ఆ కాగితం మీద ఉన్న తేదీ ఏమిటో ఈ రాత్రికే మీ అక్కను అడిగి తెలుసుకోండి.