ఫుట్‌బాల్‌లో గోల్స్ పెరగాలంటే ఏ రూల్ మార్చాలి?

0-0 మ్యాచ్‌లు చూసి విసుగొచ్చింది, గోల్‌పోస్టులు వెడల్పు చేయాలా, ఆఫ్‌సైడ్ (బంతి అందుకునేవాడు ప్రత్యర్థి డిఫెండర్లని దాటి గోల్ దగ్గర ముందే కాచుకుని ఉండకూడదనే రూల్) ఎత్తేయాలా, గోల్‌కి బోనస్ ఇవ్వాలా అని అడిగారు. మూడింటిలో ఒక్కదానికీ నా ఓటు లేదు. ఏ ప్రతిపాదన వచ్చినా ముందు వేసుకోవాల్సిన ప్రశ్న ఇది: 1-0తో ముందున్న జట్టు కోచ్ ఈ రూల్‌ని ఎలా వాడుకుంటాడు?

బోనస్ కథ ఎక్కడిదాకా పోయిందో చూడండి. 1994 జనవరి, కరీబియన్ కప్ క్వాలిఫయింగ్. ఎక్స్‌ట్రా టైమ్‌లో పడే గోల్డెన్ గోల్‌ని (పడగానే మ్యాచ్ ముగిసిపోయే గోల్) రెండు గోల్స్‌గా లెక్కిస్తామన్నారు. గ్రెనడా మీద బార్బడోస్ రెండు గోల్స్ తేడాతో గెలవాలి. 2-0 కాస్తా చివర్లో 2-1 అయింది. ఇంకో గోల్ కొట్టడం కన్నా ఎక్స్‌ట్రా టైమ్‌కి పోవడమే లాభమని లెక్కేసి, బార్బడోస్ తన నెట్‌లోకే బంతి కొట్టుకుని 2-2 చేసింది. ఒక్క గోల్ తేడాతో ఓడినా గ్రెనడాయే ముందుకెళ్తుంది కాబట్టి దానికి ఏ వైపు గోల్ పడినా చాలు, బార్బడోస్ రెండు గోల్‌పోస్టులకీ కాపలా కాసింది! చివరికి 4-2తో ముందుకెళ్లింది కూడా.

పోస్టుల మధ్య దూరం 7.32 మీటర్లు, ఎత్తు 2.44 మీటర్లు. పెంచితే దూరం నుంచి కొట్టే షాట్లకే గిరాకీ. పైగా ప్రపంచంలోని ప్రతి గ్రౌండ్‌లో పోస్టులు పీకి మళ్లీ పాతాలి. ఇక ఆఫ్‌సైడ్ పూర్తిగా పోతే ఫార్వర్డ్ గోల్‌కీపర్ పక్కనే తిష్ట వేస్తాడు. అతన్ని కాయడానికి డిఫెండర్లు గోల్ ముందున్న బాక్స్ వదలరు. మధ్యలో మిగిలేది పొడుగు కిక్కులే.

నిజంగా పనిచేసినవి డిఫెన్స్ దాక్కునే చోటుని మూసేసిన రూల్స్. 1925 దాకా బంతి అందుకునేవాడికీ గోల్ లైన్‌కీ మధ్య కీపర్‌తో కలిపి ముగ్గురు ప్రత్యర్థులు ఉండాలి. అందుకే ఒక బ్యాక్ (డిఫెండర్) ముందుకెళ్లి ఫార్వర్డ్‌ని ఆఫ్‌సైడ్‌లో పడేసే వల పన్నితే, అది తప్పినా వెనక ఇంకో బ్యాక్ ఉండేవాడు. ముగ్గురిని ఇద్దరు చేయగానే ఇంగ్లండ్ ఫస్ట్ డివిజన్‌లో ఒక్క సీజన్లో గోల్స్ 1,192 నుంచి 1,703కి ఎగబాకాయి. ఆ పండగ ఎంతో కాలం సాగలేదనుకోండి. ఆర్సెనల్ క్లబ్ కోచ్ హెర్బర్ట్ చాప్‌మన్ మైదానం మధ్యలో ఆడే సెంటర్ హాఫ్‌ని వెనక్కి లాగి మూడో డిఫెండర్‌గా నిలబెట్టాడు, మిగతావాళ్లూ అదే పట్టుకున్నారు.

1992 బ్యాక్‌పాస్ రూల్ కూడా ఈ కోవలోదే. సహచరుడు కావాలని కాలితో ఇచ్చిన బంతిని కీపర్ చేత్తో పట్టకూడదు, పడితే ఇన్‌డైరెక్ట్ ఫ్రీకిక్. తలతోనో ఛాతీతోనో ఇస్తే పట్టొచ్చు. కానీ రూల్ తప్పించుకోవడానికి బంతిని కాలితో పైకి లేపి తలతో అందిస్తే ఎల్లో కార్డు. 1990 వరల్డ్ కప్‌లో 52 మ్యాచ్‌లకి 115 గోల్స్, 1994లో అన్నే మ్యాచ్‌లకి 141. గెలుపుకి మూడు పాయింట్లివ్వడం కూడా వరల్డ్ కప్‌లో 1994లోనే మొదలైంది కాబట్టి ఘనతంతా బ్యాక్‌పాస్ రూల్‌కే కట్టబెట్టలేం.

ఇప్పుడు చర్చలో ఉన్న ఆర్సెనల్ మాజీ కోచ్ ఆర్సెన్ వెంగర్ ప్రతిపాదన ఏమంటే, గోల్ కొట్టగల శరీర భాగం ఏదైనా చివరి నుంచి రెండో ప్రత్యర్థికి సమానంగా ఉంటే ఆన్‌సైడే. వీఏఆర్ (వీడియో చూసి తీర్పు సరిచూసే పద్ధతి) తగాదాలు పోతాయంటారు గానీ, పోవు. బొటనవేలి దగ్గర గీసే గీత మడమ దగ్గరికి జరుగుతుందంతే. అసలు మార్పు వేరే చోట వస్తుంది: పరుగులో డిఫెండర్‌కి ఒక అడుగు నష్టం కాబట్టి డిఫెన్స్ లైన్ తన గోల్ వైపు వెనక్కి జరుగుతుంది, గోల్ ముందు జనం పెరుగుతారు. నాకున్న అనుమానం అదే.

మీ కాలనీ టోర్నమెంటులో ఏదైనా పెట్టి చూడాలంటే 2025లో వచ్చిన ఎనిమిది సెకన్ల రూల్ పెట్టండి. కీపర్ బంతిని చేత్తో అంతకన్నా ఎక్కువసేపు పట్టుకుంటే ఎదుటి జట్టుకి కార్నర్. పాత ఆరు సెకన్ల రూల్‌కి శిక్ష బాక్స్‌లోనే ఇన్‌డైరెక్ట్ ఫ్రీకిక్. అంత పెద్ద శిక్ష వెయ్యడానికి రెఫరీలు జంకేవాళ్లు. చివరి ఐదు సెకన్లూ రెఫరీ చెయ్యెత్తి వేళ్లతో లెక్క చూపించాలి, లేదంటే ప్రతి కార్నర్‌కీ గొడవే.