ఫ్రెండ్స్‌ని ఫిల్మ్ కెమెరాతో తీయడం: నా అనుభవం

డిగ్రీ చివరి ఏడాది ఫ్రెండ్స్‌ని ఫిల్మ్ మీద తీయాలనుకుంటున్నాను, మేం నిజంగా ఎలా ఉంటామో అలాగే కనిపించాలంటే ఏం చెయ్యాలి అని ఒకరు అడిగారు. నేను కాకినాడ హాస్టల్లో ఉన్నప్పుడు మావయ్య పాత ఫిల్మ్ కెమెరా పెంటాక్స్ కె1000తో ఏడు రోల్స్ తీశాను.

ఫోన్‌తో తీస్తే వెంటనే అందరూ మీద పడి చూస్తారు. "కళ్లు మూసుకుపోయాయి, డిలీట్ చెయ్యవే" అంటారు. తర్వాతి ఫొటోకి జుట్టు సర్దుకుని అందరూ ఒకేలా నవ్వుతారు. ఫిల్మ్ కెమెరా వెనక స్క్రీన్ ఉండదు కాబట్టి ఈ దిద్దుకోవడం ఉండదు. మొదటి రెండు రోజులు పోజులిస్తారు, ఇవ్వనివ్వండి. కెమెరా మెడలో వేసుకుని ఊరికే తిరగండి, ఎక్కువ నొక్కకండి. రోల్‌కి ఉన్నవి 36 ఫ్రేములే. నెమ్మదిగా కెమెరా సంగతి మర్చిపోతారు.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఫొటోలో ఎవరి మొహమూ పూర్తిగా లేదు. ఆదివారం, హాస్టల్ మేడ మీద. ఒకమ్మాయి రబ్బరు బ్యాండు పళ్ల మధ్య పట్టుకుని ఇంకో అమ్మాయికి జడ వేస్తోంది. కూర్చున్న అమ్మాయి ఒళ్లో రికార్డు బుక్కు, జుట్టు లాగినప్పుడల్లా పెన్ను జారుతోంది. అప్పటికి వారం రోజులుగా ఆ ఇద్దరికీ మాటల్లేవు. జడ మాత్రం ఒక్కరోజూ ఆగలేదు. గ్రూప్ ఫొటోలో ఇది దొరకదు.

ఒక్కొక్కరినీ వాళ్ల మంచం దగ్గర కూడా తీయండి. మాలో ఒకమ్మాయి ఎప్పుడూ వాళ్లన్నయ్య పాత చొక్కాయే వేసుకునేది, చేతులు మూడు మడతలు పెట్టి. ఫేర్‌వెల్ రోజు పట్టుచీరలో తీసిన ఫొటో బాగానే ఉంది, కానీ చొక్కాలో ఉన్నదే తను.

పగటిపూటకి కొడాక్ గోల్డ్ 200 అనే కలర్ ఫిల్మ్ చాలు. ట్యూబ్‌లైటు కింద కలర్ ఫిల్మ్‌కి ఆకుపచ్చ ఛాయ వస్తుంది, అందుకే గదుల్లో ఇల్ఫర్డ్ హెచ్‌పీ5 వాడాను. అది 400 స్పీడు బ్లాక్ అండ్ వైట్ ఫిల్మ్ (స్పీడు అంకె ఎంత ఎక్కువైతే అంత తక్కువ వెలుగు చాలు). వెలుగు చాలకపోతే కెమెరా మీద ఫిల్మ్ స్పీడు (ఐఎస్ఓ) 1600కి పెట్టి రోల్ మొత్తం తీసి, రెండు స్టాపులు పుష్ చెయ్యమని, అంటే ఆ మేరకు ఎక్కువసేపు డెవలప్ చెయ్యమని ల్యాబ్‌లో చెప్పండి. కిటికీ ముందు నిలబడ్డవాళ్ల మొహం నల్లగా వస్తుంది, కాబట్టి దగ్గరికెళ్లి మొహం మీది వెలుగుకి కెమెరా లైట్ మీటర్ చూసి సెట్ చేసుకుని, ఆ సెట్టింగ్ మార్చకుండా వెనక్కొచ్చి తీయండి.

ఇంకొకటి. ఉప్పాడ బీచ్‌లో తీసిన నా మొదటి రోల్ మొత్తం పోయింది. ఫిల్మ్ కొస కెమెరాలో అది చుట్టుకునే స్పూలుకి సరిగ్గా పట్టలేదు, ఒక్క ఫ్రేమూ కదల్లేదు. ఖాళీ నెగటివ్ చూసి ఏడ్చేశాను. లోడ్ చేశాక ఫిల్మ్ జరిపే లీవర్ తిప్పినప్పుడు ఎడమవైపు రివైండ్ పిడి కూడా తిరుగుతోందో లేదో తప్పకుండా చూడండి.

ప్రింట్లు వేయించి అందరికీ ఇవ్వండి. ఎక్కడైనా పెట్టే ముందు వాళ్లని అడగండి. ఒకమ్మాయి తన ఫొటో ఒకటి ఎవరికీ చూపించొద్దంది. ప్రింటుతోపాటు ఆ నెగటివ్ ముక్క కూడా కత్తిరించి తనకే ఇచ్చేశాను.